అమానత్‌కు సాక్ష్యం: సేవాసంస్థకు గుర్తింపు అంటే ఏమిటి?



ప్రతి ఏడూ రంజాన్ నెలలో మా కార్యకర్తలు చిక్కడపల్లి మార్కెట్ దుకాణాల్లోనూ, నారాయణగూడ గల్లీల్లోనూ, అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్లలోనూ రసీదు పుస్తకాలు పట్టుకుని తిరుగుతారు. ఇచ్చేవారు ఇస్తూనే ఒక మాట అడుగుతారు: "మీ సంస్థకు గుర్తింపు ఉందా?" ఉందని చెప్పి రసీదు మీద అచ్చువేసిన రిజిస్ట్రేషన్ నెంబరు చూపిస్తాం. వారూ సరేనని తల ఊపుతారు. నిజానికి వారు అడిగింది ఒకటి, మేము చూపించింది మరొకటి. ఈ సంగతి మాకే ఆలస్యంగా తెలిసింది. తెలిసినదాన్ని దాతల ముందు పెట్టడం మా బాధ్యత అనుకుని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఒక రసీదు పుస్తకం సంగతి

ముందుగా మా ఇంటి సంగతే చెప్పుకుంటాం. కొన్నేళ్ళ కిందట రంజాన్ వసూళ్ళు ముగిశాక లెక్క చూస్తే ఒక రసీదు పుస్తకం తక్కువైంది. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చామో మేము రాసి పెట్టుకోలేదు. అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ, సాయంత్రాలు మాకు సాయం చేసిన ఒక కుర్రాడికి ఇచ్చినట్టు ఒకరికి గుర్తు. అతను అప్పటికే గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాడు. ఫోన్ నెంబరు పనిచేయలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఈ నాలుగు నెలల్లో ఎవరూ అతన్ని దొంగ అనలేదు. కానీ అతని పేరు వచ్చినప్పుడల్లా మాట ఆగిపోయేది. ఆ ఆగిపోవడంలోనే అంతా ఉంది.

తర్వాత అతను మళ్ళీ పరీక్షల కోసం నగరానికి వచ్చి, విషయం విని, నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. పుస్తకం అతని పెట్టెలోనే ఉంది. డబ్బు మాత్రం పండుగకు ముందే రెండు విడతలుగా మా దగ్గర కట్టేశాడు. మేమే దాన్ని ఆ రోజు మొత్తం వసూళ్ళలో కలిపి రాసుకున్నాం. రసీదుల నకళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూశాం. పాడైన రెండు రసీదులను కూడా కొట్టివేసి, అసలూ నకలూ కలిపి పిన్ను పెట్టి ఉంచాడు. పైసా తేడా లేదు. వెళ్ళేటప్పుడు అతనన్న మాట ఒక్కటే: "సార్, పుస్తకం ఇచ్చేటప్పుడు నాతో ఒక సంతకం పెట్టించుకుని ఉంటే బాగుండేది." మరుసటి ఏడు పిలిచాం. రాలేదు.

పోయింది డబ్బు అయితే మళ్ళీ కూడబెట్టవచ్చు. పోయింది ఒక నిజాయితీపరుడి మనసు. ఆడిట్, రిజిస్టరు, రెండు సంతకాలు వంటివన్నీ తప్పు చేసేవాణ్ణి పట్టుకోవడానికే అని అంతవరకూ అనుకున్నాం. తప్పు చేయనివాడి పేరు నిలబెట్టడానికి అవి అంతకంటే ఎక్కువ అవసరమని ఆ రోజు అర్థమైంది. గుర్తింపు గురించి ఆరా తీయడం అక్కడ మొదలైంది.

నమోదు వేరు, అనుమతి వేరు, గుర్తింపు వేరు

మన వాడుకలో ఈ మూడింటినీ ఒకే మాటతో పిలుస్తాం. విడదీసి చూద్దాం.

మొదటిది నమోదు. మన ప్రాంతంలో చాలా సేవాసంస్థలు సొసైటీలుగా ఏర్పడతాయి. నిజాం కాలంలో ఇందుకు 1350 ఫస్లీ నాటి చట్టం ఉండేది. దాని స్థానంలో 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే ఇప్పుడు తెలంగాణలో అమలులో ఉంది. కనీసం ఏడుగురు కలిసి, సంస్థ ఉద్దేశాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తే నమోదు అవుతుంది. సంస్థ పుట్టిందని అది చెబుతుంది. పిల్లవాడి జనన ధ్రువపత్రం వాడు ఎలా చదువుతున్నాడో చెప్పనట్టే, సంస్థ ఎలా నడుస్తోందో ఇది చెప్పదు. మేము ఇన్నేళ్ళూ చూపిస్తూ వచ్చిన నెంబరు ఇదే.

రెండవది అనుమతులు. ఆదాయపు పన్ను చట్టంలో 12ఎ కింద నమోదైతే సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు వస్తుంది. 80జి ఆమోదం ఉంటే దాతకు పన్నులో కొంత తగ్గింపు వస్తుంది. పూర్వం ఇవి ఒకసారి వస్తే శాశ్వతం. 2021 ఏప్రిల్ నుంచి పాత సంస్థలు కూడా మళ్ళీ దరఖాస్తు చేసుకుని, గడువు ముగిసే ముందు పునరుద్ధరించుకోవాలి. కాబట్టి "మాకు 80జి ఉంది" అంటే సరిపోదు. ఎప్పటివరకు ఉందో అడగాలి. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దానిలో సెక్షన్ల సంఖ్యలు మారతాయి గనుక మన పాత రసీదుల మీది అచ్చు కూడా మార్చుకోవలసి ఉంటుంది.

దాతలు తెలుసుకోవలసిన చిన్న విషయాలు మరికొన్ని ఉన్నాయి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే 80జి తగ్గింపు వర్తించదు. తగ్గింపు కావాలంటే సంస్థ దాతల వివరాలను ఏటా ఆదాయపు పన్ను శాఖకు పంపి, దాతకు ధ్రువపత్రం ఇవ్వాలి. చేతిరాత రసీదు ఒక్కటే చాలదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఈ తగ్గింపే లేదు. అయినా రసీదు తీసుకోవడం మానవద్దు. రసీదు పన్ను కోసమే కాదు.

మన సంస్థలకు ప్రత్యేకంగా తగిలే అంశం ఒకటుంది. ఒక మతం లేదా కులం వారి ప్రయోజనం కోసమే అని నియమావళిలో రాసుకున్న సంస్థకు 80జి దొరకదు. స్త్రీలు, పిల్లలు, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డ్ కులాలు, తెగల మేలు కోసం పనిచేసే సంస్థలను మాత్రం చట్టం ఆ కోవలో లెక్కించదు. జకాత్‌కు షరీఅత్ చెప్పిన హక్కుదారులు ఎనిమిది కోవల వారు. ఆ నిధి ఆ నియమాల ప్రకారమే ఖర్చు కావాలి. ఈ రెంటినీ పొసిగించడం ఎలా అన్నది నియమావళి రాసే రోజునే ఆలిమ్‌తోనూ ఆడిటర్‌తోనూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. తర్వాత చూద్దామనుకున్న చోటే చిక్కులు వస్తాయి.

ఇవిగాక పనిని బట్టి వచ్చే అనుమతులున్నాయి. విదేశాల్లో ఉన్న విదేశీ పౌరుల నుంచో సంస్థల నుంచో విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు కావాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధి తీసుకోవాలంటే 2021 నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 దాఖలు చేయాలి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ తన వివరాలు పెట్టి ఒక ప్రత్యేక సంఖ్య పొందవచ్చు. అనాథ పిల్లలను ఉంచుకునే ఏ ఆశ్రమమైనా, యతీంఖానా అయినా, 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద విధిగా నమోదు కావాలి. లేకపోతే నిర్వాహకులకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. "అల్లాహ్ పేరు మీద నడుపుతున్నాం, కాగితాలెందుకు" అనే మాట ఇక్కడ చెల్లదు. ఆ పిల్లలకు తమ తరఫున అడిగే తల్లీతండ్రీ లేరు. కాబట్టి చట్టం అడుగుతుంది.

మూడవది గుర్తింపు. అక్రిడిటేషన్ అంటారు. ఇది చట్టం విధించేది కాదు. సంస్థ తనంతట తాను వెళ్ళి, "మా తలుపులు తీస్తాం, వచ్చి చూడండి" అని బయటివారిని పిలవడం. నమోదుకు ప్రభుత్వం ముందు నిలబడతాం. గుర్తింపుకు మనలాంటి పనే చేసే సాటివారి ముందు నిలబడతాం.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది?

ఆసుపత్రులకూ కాలేజీలకూ ఇటువంటి పరీక్ష ఎప్పటినుంచో ఉంది. సమాజసేవ చేసే సంస్థలకు దీన్ని పద్ధతిగా తెచ్చినవారిలో అమెరికాలోని కౌన్సిల్ ఆన్ అక్రిడిటేషన్ ముఖ్యమైనది. పిల్లల సంక్షేమం, కుటుంబ సేవలు చూసే రెండు జాతీయ సమాఖ్యలు కలిసి 1977లో దాన్ని స్థాపించాయి. ఇప్పుడది సోషల్ కరెంట్ అనే సంస్థలో భాగం. వికలాంగుల పునరావాస సేవల కోసం కార్ఫ్ అనే మరో సంస్థ 1966 నుంచే ఉంది.

అక్కడి పద్ధతి తెలుసుకోదగినది. మొదట సంస్థ తన్ను తానే పరీక్షించుకుని నివేదిక రాయాలి. ఎక్కువ సమయం పట్టేది ఈ దశకే. తర్వాత ఇతర సేవాసంస్థల్లో అనుభవం గడించినవారు వచ్చి రికార్డులు చూస్తారు. సిబ్బందితోనూ సేవ పొందినవారితోనూ విడివిడిగా మాట్లాడతారు. లోపాలుంటే చెప్పి, సరిదిద్దుకోవడానికి అవకాశం ఇస్తారు. అన్నీ కుదిరాకే గుర్తింపు ఇస్తారు. అదీ కొన్నేళ్ళకే. ఆ గడువు తీరాక మళ్ళీ మొదటి నుంచి రావాలి.

మన దేశంలో ఈ పనికి 2004లో క్రెడిబిలిటీ అలయన్స్ ఏర్పడింది. స్వచ్ఛంద సంస్థలే కలిసి, తమకు తామే ప్రమాణాలు రాసుకుని దీన్ని నిలబెట్టాయి. కనీసం ఉండవలసినవి, ఉంటే మంచివి అని ప్రమాణాలను రెండు మెట్లుగా పెట్టారు. చిన్న సంస్థ మొదటి మెట్టు ఎక్కవచ్చు. గైడ్‌స్టార్ ఇండియా అనే మరో సంస్థ, సేవాసంస్థలు తమ పత్రాలను ఎంతవరకు అందరికీ కనబడేలా పెడుతున్నాయో చూసి ధ్రువపత్రాలిస్తుంది.

ఏమేమి చూస్తారు?

మా కమిటీలో ఈ ప్రమాణాలు చదువుతున్నప్పుడు ఒక్కొక్కటీ మనకెక్కడ తగులుతుందో చూసుకున్నాం.

కమిటీ నిజంగా కూర్చుంటుందా, తీర్మానాల పుస్తకంలో చర్చ ఉందా, సంతకాలు మాత్రమే ఉన్నాయా అని చూస్తారు. మా పుస్తకంలో కొన్ని సమావేశాలకు సంతకాలు తప్ప మరేమీ లేవు.

కమిటీలో బంధువులు ఎందరో చూస్తారు. అన్న అధ్యక్షుడు, తమ్ముడు కోశాధికారి అయితే ఇద్దరూ దేవుడికి భయపడేవారే కావచ్చు. కానీ అన్న రాసిన వోచరును తమ్ముడు ప్రశ్నించగలడా?

ఖాతాలు అర్హత గల ఆడిటర్ చూశారా, ఆ లెక్కలు సభ్యులకు తప్ప ఇంకెవరికైనా చేరాయా అని చూస్తారు. కమిటీ సభ్యులకూ ఉద్యోగులకూ ఇచ్చే జీతభత్యాలను వార్షిక నివేదికలో చెప్పమంటారు. చెప్పడానికి మొహమాటం ఎందుకో ఆలోచించుకోవాలి.

ఫలానా పని కోసమని దాత ఇచ్చిన డబ్బు ఆ పనికే వెళ్ళిందా అని చూస్తారు. మన విషయంలో ఇది అన్నిటికంటే బరువైనది. నారాయణగూడకు చెందిన ఒక పెద్దాయన ఒకరోజు మా ఆఫీసుకు వచ్చి, "బేటా, నా జకాత్ ఏ పిల్ల ఫీజుకు పోయింది? పేరు వద్దు. జకాత్‌గానే పోయిందా లేదా, అంతే చెప్పు" అని అడిగారు. అప్పటికి జకాత్, సదకా, ఇఫ్తార్ విరాళాలు అన్నీ ఒకే బ్యాంకు ఖాతాలో ఉండేవి. ఫీజులు కట్టిన మాట నిజం. ఆయన రూపాయి ఫీజుకు పోయిందో, ఇఫ్తార్ ఖర్జూరాలకు పోయిందో చెప్పలేకపోయాం. ఆయన కోపగించుకోలేదు. "చెప్పలేని అమానత్ ఎందుకు తీసుకున్నారు?" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

చివరగా, సాయం పొందినవారికి ఫిర్యాదు చేసుకునే దారి ఉందా అని చూస్తారు. కుట్టుమిషను ఇస్తామని మూడుసార్లు తిప్పుకున్న కార్యకర్త మీద ఆ చెల్లెమ్మ ఎవరికి చెప్పుకోవాలి? ఇచ్చే చేయి మీద ఫిర్యాదేమిటని ఆమె ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడాన్ని మేము తృప్తి అనుకుంటాం.

గుర్తింపు ఎవరి కోసం?

గుర్తింపు దాతల నమ్మకం కోసమే అనుకుంటే సగమే నిజం. మన పేటలోని ఒక పాత సంగతి మిగతా సగం చెబుతుంది.

మాడపాటి హనుమంతరావు గారి చొరవతో 1928లో బాలికల కోసం తెలుగు మాధ్యమంలో మొదలై నారాయణగూడలో స్థిరపడిన పాఠశాల ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆనాడు ఈ రాజ్యంలో పైచదువుల భాష ఉర్దూ. తెలుగులో చెప్పే ఉన్నత పాఠశాలకు ఇక్కడ గుర్తింపు దొరకడం కష్టమైంది. పాఠాలు బాగా చెప్పినా, పిల్లలు బాగా చదివినా, గుర్తింపు లేని బడి పరీక్షకు విలువేమిటి? నిర్వాహకులు పూణేలో కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం సంపాదించి, బాలికలు ఆ పరీక్షలు రాసేలా చేశారు. అంత దూరం వెళ్ళింది బడి గోడకు బోర్డు తగిలించడానికి కాదు, ఆ అమ్మాయి చేతిలోని కాగితం బయట చెల్లాలని.

మన సేవలకూ అదే వర్తిస్తుంది. మన దగ్గర కుట్టు నేర్చుకున్న అమ్మాయి సర్టిఫికెట్‌కు, మన సిఫారసు ఉత్తరంతో ఆసుపత్రికి వెళ్ళిన రోగికి, మన స్కాలర్‌షిప్‌తో కాలేజీలో చేరిన విద్యార్థికి సంస్థ మంచిపేరు ఒక ఆసరా. సంస్థ పేరు పోతే ముందుగా దెబ్బతినేది వారే.

గుర్తింపుకున్న హద్దులు

గుర్తింపు ఉన్నంత మాత్రాన మోసం జరగదని చెప్పలేం. పరిశీలకులు వచ్చేది కొన్ని రోజులకే. కాగితాలు చక్కగా పెట్టుకునే నేర్పు ఉండి పనిలో చిత్తశుద్ధి లేనివారూ ఉంటారు. కాగితం రాయడం రాక, నలభై ఏళ్ళుగా నిశ్శబ్దంగా అన్నం పెడుతున్నవారూ ఉంటారు. గుర్తింపు లేని ప్రతి చిన్న సంస్థనూ అనుమానించడం అన్యాయం.

ఖర్చు కూడా ఉంది. ఆడిటర్ ఫీజు, లెక్కలు రాసే మనిషి జీతం, దరఖాస్తు రుసుము ఎక్కడి నుంచో రావాలి. దాతలు సాధారణంగా "నా రూపాయి మొత్తం పేదవారికే చేరాలి" అంటారు. ఆ కోరిక గొప్పది. కానీ లెక్క రాసేవాడికి జీతం ఇవ్వకపోతే ఆ రూపాయి చేరిందో లేదో చెప్పేవాడు ఉండడు. జకాత్ వసూలు చేసి పంచే పనివారిని ఖుర్ఆన్ ఎనిమిది కోవల్లో ఒకటిగా లెక్కించింది. అంటే నిర్వహణ కూడా ఒక పనేనని అర్థం. అయినా మేము జాగ్రత్త కోసం ఆఫీసు ఖర్చును జకాత్ నుంచి తీయకుండా, అందుకోసమే ఇచ్చిన సాధారణ విరాళాల నుంచి తీయాలని తీర్మానించుకున్నాం.

ఇంకొక చిక్కు పరువుకు సంబంధించినది. పారదర్శకత పేరుతో రేషన్ సంచి చేతికిస్తూ ఫోటో తీసి అందరికీ పంపడం అలవాటైపోయింది. మంచి ప్రమాణాలేవీ దాన్ని కోరవు. సాయం పొందినవారి వివరాలు గోప్యంగా ఉంచమనే చెబుతాయి. పేరు, చిరునామా రిజిస్టరులో ఉంటాయి. ఆడిటర్ చూస్తాడు. దాతకు ఒక వరుస సంఖ్య, చేసిన సాయం, తేదీ చాలు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా ఇవ్వమన్న బోధ విన్నవాళ్ళం. పుచ్చుకున్నవారి ముఖం వీధికెక్కించడం మనకు తగదు.

మేము చేసినవి, చేయవలసినవి

జకాత్‌కు వేరే బ్యాంకు ఖాతా తెరిచాం. ఏ ఖాతా నుంచి డబ్బు తీయాలన్నా ఇద్దరి సంతకాలు కావాలి. ఆ ఇద్దరూ ఒకే కుటుంబం వారు కాకూడదు. రసీదు పుస్తకాలకు ఒక రిజిస్టరు పెట్టాం. పుస్తకం తీసుకునేటప్పుడూ తిరిగి ఇచ్చేటప్పుడూ సంతకం ఉంటుంది. డబ్బు కట్టిన కార్యకర్తకు మేము కూడా రసీదు ఇస్తాం. ఫోన్ ద్వారా పంపే విరాళాలకు సంస్థ ఖాతాకు చెందిన క్యూఆర్ కోడ్ తప్ప ఎవరి సొంత నెంబరూ వాడకూడదని నియమం పెట్టాం.

ఇంకా చేయనివి ఉన్నాయి. ఫిర్యాదుల పద్ధతి కాగితం మీదే ఉంది. తీర్మానాల పుస్తకం మెరుగైంది గానీ, అన్ని సమావేశాలకూ కోరం ఉండటం లేదు. కమిటీలో స్త్రీలు లేరు. మా సాయం పొందేవారిలో సగానికి పైగా వారే అయినప్పుడు ఇది పెద్ద లోపం. ఇవి సరిచేసుకున్నాకే గుర్తింపుకు దరఖాస్తు చేయాలని నిర్ణయించుకున్నాం. రాకపోతే ఎందుకు రాలేదో వచ్చే సంచికలో ఇదే చోట రాస్తాం.

దాతలకు మా మనవి

మాతో సహా ఏ సంస్థకైనా ఇచ్చే ముందు ఈ ప్రశ్నలు అడగండి. నమోదు ఏ చట్టం కింద జరిగింది, కమిటీ జాబితా ఏటా దాఖలు అవుతోందా? 80జి ఎప్పటివరకు చెల్లుతుంది? కిందటి ఏడాది ఆడిట్ నివేదిక చూపిస్తారా? జకాత్‌కు ప్రత్యేక ఖాతా ఉందా? కమిటీలో ఎవరెవరు బంధువులు? పిల్లలను ఉంచుకుంటే బాలల న్యాయ చట్టం కింద నమోదు ఉందా? సాయం పొందినవారు ఎవరికి ఫిర్యాదు చేసుకోవచ్చు?

ఇవి అడగడం అనుమానం అనుకోవద్దు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ ఆదేశించింది నమ్మకం లేనివారిని కాదు, విశ్వాసులనే. అడిగే దాత ఉన్నచోట సంస్థ చక్కగా ఉంటుంది. జవాబు సూటిగా చెప్పే చిన్న సంస్థ, చెప్పకుండా దాటవేసే పెద్ద సంస్థ కంటే మేలు. మేము జవాబు చెప్పలేకపోతే మా మొహం మీదే చెప్పండి. నారాయణగూడ పెద్దాయన అలా చెప్పబట్టే ఈ మార్పులు వచ్చాయి.

రసీదు పుస్తకం తెచ్చిచ్చిన కుర్రాడికి కూడా ఈ సంచిక పంపుతున్నాం. రిజిస్టరులో మొదటి పేజీ మొదటి వరుస ఇంకా ఖాళీగానే ఉంచాం. అతను ఎప్పుడు వచ్చినా ఆ వరుసలో సంతకం చేసి పుస్తకం తీసుకోవచ్చు.

మన చేతుల మీదుగా వెళ్ళే ప్రతి అమానత్ దాని హక్కుదారుకు చేరేలా అల్లాహ్ మనందరికీ తోడ్పడుగాక. ఆమీన్.